పాత బజారులో రాళ్లు

ఆ ఉదయం పాత బజారులో ఉన్నవాళ్లు: నేను, ఖమ్మం నుంచి జీపులో వచ్చిన పెద్దసారు, ఆయన డ్రైవరు, టీ కొట్టు నడిపే ఆమె. ఉన్నవి: ఒక టేపు, నేను గీసిన నక్షా, సగం బస్తా సున్నం పొడి, ఎండిపోయిన మురుగు కాలువ, రెండు కుక్కలు, నేల మీద రాళ్లు. సంత మాత్రం లేదు.

పాల్వంచ దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది ఆ చిన్న ఊరు. పాలిటెక్నిక్ అయ్యాక అక్కడి పంచాయతీలో కాంట్రాక్టు మీద పనికి చేరాను. పాత బజార్లను బాగుచేయడానికి రాష్ట్రం ఇచ్చిన నిధుల్లో మాకూ కొంత వచ్చింది. కాలువ, రేకుల నీడ, సంతలో అమ్ముకునేవాళ్లకు గద్దెలు. నక్షా పూర్తయింది కానీ పని మొదలుకాకుండానే లెక్కలు ముగించే మార్చి నెల వచ్చింది. వాడకం లేని బజార్ల డబ్బు వెనక్కి తీసుకుని హైవే పక్కన కట్టే కొత్త దుకాణాలకు ఇస్తారన్నారు. ఆ సంగతి తేల్చడానికే పెద్దసారు వచ్చారు. కావాలనే ఆయన్ను సంతరోజున రమ్మన్నాం. జనాన్ని చూస్తే చాలు, ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నాం.

మా సంతకు సరుకు తెచ్చేవాళ్లంతా అడవి ఊళ్లవాళ్లే. ఆ ఊళ్లలో ఇప్పపూలు రాలడం మొదలయ్యాక పెద్దలు ఒక రోజు పండుగ పెడతారు. చెట్టును చూసి పెట్టే రోజు అది, ఏ క్యాలెండరులోనూ ఉండదు. ఆ రోజు ఎవరూ పొలిమేర దాటరు. ఆ ఏడు అది మా సంతరోజునే పడింది.

బజారంతా పలచటి పొగమంచు. ఎక్కడినుంచో ఇప్పపూల తీపి వాసన వచ్చి టీ ఆవిరిలో కలుస్తోంది. వెలుగు చింతచెట్ల మీదుగా జారి నేల మీద మెల్లగా పాకుతుంటే, గంపలు దించిన చప్పుడు, బేరాల గొణుగుడు, అడ్డాకుల కట్టలు విప్పిన గలగల వినిపిస్తున్నట్టే ఉంది నాకు. తల తిప్పి చూస్తే ఎవరూ లేరు. సారు నక్షా మడిచి నా చేతికిచ్చారు. ఆ మడతతో అంతా అయిపోయిందనుకున్నాను.

టీ కొట్టు ఆమెకు సంగతి తెలుసు. సంత హైవే పక్కకు పోతే ఆమె కొట్టుకు వచ్చేవాళ్లుండరు. ఈస్టరు ముందరి శ్రమల కాలం ఉపవాసంలో ఉండి, తాను చుక్క తాగకుండా మాకు టీ పోసింది. సారు గ్లాసు అందుకుని దగ్గర్లో ఉన్న రాయి మీద కూర్చోబోయారు.

"గక్కడ కూసోకుర్రి సారు. అది చింతపండు అవ్వ జాగ."

సారు చుట్టూ చూశారు. "ఏదమ్మా ఆమె?"

"ఇయ్యాల రాదు. పండుగ."

"రానామెకు జాగెందుకు?"

"వచ్చే వారం వస్తది గద. మీరు కూసున్నరని తెలిస్తే నా మీద పడ్తది. మీరు జీపెక్కి పోతరు, తిట్లు తినేది నేను."

డ్రైవరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. సారు నవ్వి ఇంకో రాయి దగ్గరికి వెళ్లారు. అది చీపుర్లామెదట. దాని పక్కది కుండలాయనది. ఆ పక్కది ఇద్దరు తోడికోడళ్లది, వాళ్ల జోలికి అసలే పోవద్దంది. అప్పుడు ఆయన వంగి చూశారు. ఒకటి వాగులో అరిగిన నున్నటి గుండు, ఒకటి విరిగిన తిరగలి రాయి, ఒకటి ఎర్రటి ఇటుక ముక్క. ఎవరి ఊరినుంచి వాళ్లు తెచ్చుకున్నవే. మనిషి రాకపోయినా ఆ రాయి ఉన్నంతవరకు ఆ చోటు వాళ్లదే.

పెద్దసారు నిలబడే టీ తాగారు. గ్లాసు తిరిగిచ్చి, నక్షా మళ్లీ విప్పమన్నారు. నేను గద్దెలను తిన్నగా, సమాన దూరంలో గీశాను. రాళ్లు వంకర వరసలో, చెట్ల నీడను పట్టుకుని ఉన్నాయి.

"ఈ రాళ్లున్న చోటనే గియ్యి," అన్నారు. "డబ్బు ఎటూ పోదు."

ఎండ ఎక్కేదాకా ఒక్కో రాయి చుట్టూ సున్నం పోస్తూ తిరిగాను. మంచు విడిపోయాక చూస్తే, ఎవరూ లేని బజారు నిండుగా కనిపించింది.

మరుసటి ఏడు గద్దెలు లేచాయి. ఎవరి రాయి వాళ్లు తెచ్చి తమ గద్దె మీద ఒక మూల పెట్టుకున్నారు. నిధులు అందరికీ సరిపోలేదు. కొందరు ఇద్దరిద్దరుగా సర్దుకున్నారు.

రాళ్లు నలభై మూడు, గద్దెలు ముప్పై ఎనిమిది.