చేసినవా, అచ్చు తీసినవా?

మొన్న పొద్దుగాల నాతోని చదువుకున్న దోస్తు ఫోన్ చేసి "మేడమ్ పోయిందే" అన్నది. "ఎవరు చెప్పిన్రు? నువ్వు చూసినవా?" అని అడిగిన. అడిగినంక ఏడుపొచ్చింది. ఏ మాటనూ ఒక్కసారికి నమ్మకుండా గిట్ల అడుగుడు మాకు ఆ మేడమే నేర్పింది.

నిజామాబాద్‌ల మా ఆర్ట్ స్కూల్ల ఆమె శిల్పం చెప్పేది. మెట్ల పక్కనున్న చిన్న గ్యాలరీ కూడ ఆమె చేతులనే ఉండేది. నాలుగు బొమ్మలు పెడితే మనిషి తిరగనీకె జాగ సాలదు. అయినా ప్రదర్శనల ఏ బొమ్మ పెట్టాలన్నా ఆమె అనుమానం దాటాలె. ముందటికెళ్లి చూసేది కాదు. వెనుకకు పోయి, వంగి, అడుగుభాగం గోరుతోని గీకేది. "ముందటికెళ్లి అందరు మంచిగనే కనవడ్తరు" అనేది. వచ్చినోళ్లు వహ్వా అంటే ఇంకింత అనుమానం. "ఇంత జల్ది ఎందుకు నచ్చింది?" అని ఆ బొమ్మ చుట్టు మళ్ల తిరిగేది.

ఆఖరు ఏడాది ప్రదర్శనకు నేను మట్టితోని మా అమ్మ చెయ్యి చేసి, దాన్ని ప్లాస్టర్ల పోసిన. మాది బోధన్ దిక్కు చెరుకు తోటల నడుమ ఊరు. అమ్మ బీడీలు చుడ్తది. మేడమ్ ఆ ప్లాస్టర్ చెయ్యిని తిప్పి చూసి, "చేసినవా, అచ్చు తీసినవా?" అన్నది. మనిషి చెయ్యి మీదనే ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తే గీతలన్నీ వాటంతటవే పడ్తయి. అది మా దగ్గర దొంగపని కిందే లెక్క.

"చేసిన మేడమ్."

"గింత సాఫ్ ఎట్లొచ్చింది? ముందుగాల మీ అమ్మ చెయ్యి చూపియ్యి."

క్లాసంత నన్నే చూసింది. ఉట్టిగ అన్నదనుకున్న. ఐతారం నాడు నిజంగనే నాతోని బస్సెక్కింది, నా బొమ్మను బట్టల చుట్టి ఒళ్లె పెట్టుకొని.

మమ్ముల చూసి అమ్మ బీడీల చాట పక్కకు జరిపి లేచింది. నన్నొకసారి, మేడమ్‌ని ఒకసారి చూసింది. "పిల్ల ఏమన్న తప్పు చేసిందా మేడమ్?"

"అదే చూద్దామని వచ్చిన అక్కా."

మేడమ్ అమ్మ చెయ్యిని తన చేతులకు తీసుకొని చానాసేపు చూసింది. పక్కన బొమ్మ పెట్టింది. అమ్మ బొటనవేలు లోపలికి వంగిపోయింది. చూపుడువేలు గోరు సగం అరిగింది. నా బొమ్మకేమో వేళ్లు తిన్నగ, గోర్లు గుండ్రంగ. గ్యాలరీల పెట్టేది కదా, అందంగ ఉండాలె అనుకున్న.

"నువ్వు అచ్చు తియ్యలే" అన్నది. పానం నిమ్మళమైంది. అంతల్నే, "తీసినా బాగుండు. ఇది మీ అమ్మ చెయ్యి కాదు. ఈ వేలును చూసి సిగ్గుపడ్డవా?"

అమ్మనే అన్నది, "చిన్నపిల్ల మేడమ్. మంచిగ కనవడాలనుకున్నది."

"మంచిగ అంటే ఏంది అక్కా?" అని మేడమ్ ఆడనే కూసున్నది. పొద్దుగూకేదాక అమ్మ ఆకు కత్తిరించుడు, చుట్టుడు చూసింది. పోయేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీద అనుమానం పోయింది. ఇగ నీ బొమ్మ మీదనే" అన్నది.

మళ్ల మట్టి పిసికిన. వంగిన వేలు చేస్తుంటే తెలిసింది, నేను ఆ వేలును అన్నేండ్లల్ల ఒక్కనాడు సక్కగ చూడలేదని. మేడమ్ వచ్చి, వెనుకకు పోయి, వంగి చూసి, "పెట్టు" అన్నది. ఆమె నోటినుంచి అంతకన్న పెద్ద మెప్పు నేను వినలే. ఇయ్యాల బడిపిల్లలకు బొమ్మలు నేర్పుతున్ననంటే ఆ ఒక్క మాట పుణ్యమే.

ప్రదర్శన నాడు అమ్మ వచ్చింది. లోపల జనం పలచబడేదాక గోడకు ఆనుకొని నిలవడ్డది. ఎవ్వరు లేరనుకున్నంక అటిటు చూసి, కొంగు కిందికెళ్లి చెయ్యి తీసి, ఆ ప్లాస్టర్ చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నది. మెట్ల మీదికెళ్లి ఇంకో గుంపు వస్తున్నది. మేడమ్ ఒక్క మాట అడగలే. తలుపుకు అడ్డంగ చెయ్యి చాపి, "జరసేపు ఆగున్రి" అని వాళ్లను బయటనే నిలవెట్టింది.