ఇంగ్లీషు సింఫనీలో నా గమకం

షాపులో తెలుగు మాట చెవిన పడితే ట్రాలీ వదిలేసి పరుగెత్తే కాలం అది. ఎనభైల మొదట్లో, అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల ఇంజనీరుగా కుదురుకున్న నాకు, ఊరందరి కంటే సంగీతం నాకే ఎక్కువ తెలుసన్న గట్టి నమ్మకం ఉండేది. (విజయవాడలో ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకున్నవాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండదా!) ఆ పొగరుతోనే మా పేట ఆర్కెస్ట్రాలో చేరి, మొదటి రోజే బూట్లు విప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించాను. బెత్తం బామ్మ (కర్రతో ఆర్కెస్ట్రాను నడిపించే రిటైర్డ్ టీచరమ్మకు నేను పెట్టుకున్న పేరు) కుర్చీ తెచ్చి వేసింది. గడ్డం కింద పెట్టి వాయించడం అలవాటయ్యేసరికి ఏడాది పట్టింది.

ఆ తర్వాతి వసంతంలో కచేరీకి ఆవిడ ఎంచుకున్నది రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు సింఫనీ. మూడే భాగాలు, మొత్తం పది నిమిషాలు. మనవాళ్లు శ్రుతి చేసుకునేలోపు అయిపోతుంది! మొదటిది హుషారు, చివరిది గంతులు, మధ్యలో మాత్రం తంతివాద్యాలు మెల్లగా వాయించే నిటారు స్వరాలు. నాకది ఉప్పు లేని పప్పులా తోచి, జాలిపడి, ప్రతి పొడుగు స్వరానికీ కాస్త గమకం తగిలించాను. మూడోసారికి బామ్మ దగ్గరకొచ్చి, "చివరి రిహార్సల్‌లో కూడా నీ స్వరం ఊగితే, కచేరీ రోజు నువ్వు ప్రేక్షకుల్లో కూర్చో" అంది. అప్పటికే పన్నెండు తెలుగు కుటుంబాలను పిలిచేశాను.

"అందర్నీ ఇన్వైట్ చేసి కూర్చున్నారు, పరువు పోతుందండీ. ఆవిడ చెప్పినట్టే వాయించి తగలడండి" అంది మా ఆవిడ. వారం రోజులు తలుపేసుకుని ఒక్కొక్క స్వరాన్నే పట్టుకు వేలాడాను. "ఏంటండీ, ఫ్రిజ్ మోతలా ఉంది" అని మా ఆవిడ విసుక్కుంటే, దారిలో పడ్డానని సంబరపడ్డాను. చివరి రిహార్సల్‌లో నా వేలు కదలలేదు. కింద మా రెండో వరుస వయొలిన్ల స్వరం నిలకడగా ఉంటేనే పైన మొదటి వరుస వాళ్ల పాట నిలబడుతుందని అప్పుడు చెవికి అందింది.

కచేరీ అయ్యాక, మా పిల్లలు అంకుల్ అని పిలిచే డాక్టరుగారు భుజం తట్టి, "అసలు నువ్వు వాయించావటోయ్? చెవులు రిక్కించినా ఒక్క ముక్క వినపడలేదే!" అన్నారు. నా మొహం వాడిపోయింది. ఇంతలో బామ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ఇవాళ నువ్వు నాకు అస్సలు వినపడలేదు. బ్రేవో!" అంది. పదిమందికీ వినపడాలని ఎనిమిదేళ్లు సాధన చేసినవాణ్ణి, ఎవరికీ వినపడనందుకు ఛాతీ విరుచుకుని ఇంటికి డ్రైవ్ చేశాను.

తరువాత ఎన్నో సభల్లో వేదిక మీద ముందు కూర్చుని వాయించాను, చప్పట్లూ పడ్డాయి. ఆ పది నిమిషాలు నేనెంత బాగా వాయించానో చెప్పడానికి మాత్రం, బామ్మ పోయాక, ఇప్పుడు సాక్షులెవరూ లేరు. నేను చెబితే ఎవరు నమ్ముతారు చెప్పండి!