రాణి మెడ మీది గీత

మ్యూజియంలో అందరూ ఆమెను ఫోకసమ్మ అనేవారు. భర్త పోయాక ఆయన స్టూడియోను చాలా ఏళ్ళు ఒంటిచేత్తో నడిపి, చివరికి నాణేల ఫొటోలు తీసే ఈ ఉద్యోగంలో చేరింది. "ఇక్కడైతే నన్ను నల్లగా తీశావని ఎవరూ పోట్లాటకి రారు" అని నవ్వేది గానీ, కొత్తలో ఆ నాణేలు ఆమె చేత మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. ముఖం తేటగా వస్తే అంచున అక్షరాలు అలుక్కుపోయేవి. అక్షరాలు కుదిరితే ముఖం మసకబారేది.

ఒకరోజు పొద్దున్నే క్యూరేటర్ ఆమె గదిలోకి వచ్చి తలుపు మూశాడు. రాణి బొమ్మ ఉన్న వెండి నాణెం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"నిన్న నాణేలు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి, ఎవరో అసలుది తీసేసి నకిలీది పెట్టారేమో అన్నాడమ్మా. తూకం సరిపోయింది, కానీ తూకం కుదిరేలా నకిలీ చెయ్యడం ఎంతసేపు? పాత ఫొటోలో రాణి మెడ మీద సన్నటి గీత ఉంది. భూతద్దంలో చూస్తే నాకు ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. మధ్యాహ్నం ట్రస్టీలు వస్తారు. వాళ్ళకి ఫొటో చూపించాలి."

ఆ నాణెం ఉండే అద్దాల బీరువా తాళాలు ఉండేది కాపలాదారు దగ్గర. ఆ కాపలాదారు ఆమె తమ్ముడు.

"సార్, వాడు నా తమ్ముడని మీకు తెలుసు కదా. ఇంకెవరిచేతనైనా తీయించండి."

"ఇంకెవరున్నారమ్మా? నేను పక్కనే ఉంటాను."

వరండాలో బెంచీ మీద తమ్ముడు టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం కిటికీలోంచి కనిపిస్తోంది. రాత్రి వాడు అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆమె నాణేన్ని కెమెరా కింద పెట్టింది. లెన్స్ ఎక్కడ నిలవాలో తెలియక ముందుకూ వెనక్కూ కొట్టుకుంది. ఆటో ఫోకస్ ఆపేసింది. నాణెం తీసి, అదే చోట చిన్న అద్దం పరిచింది. అద్దంలో లెన్స్ నీడ ఒక పక్కకి జరిగి కనబడింది. అంటే కెమెరా ఒరిగి ఉందన్నమాట. నీడ సరిగ్గా నడిమధ్యకు వచ్చేదాకా సర్ది, నాణేన్ని మళ్ళీ పెట్టింది. స్క్రీన్ మీద మెడ భాగాన్ని పెద్దది చేసి, స్టాండును కొద్దికొద్దిగా దించింది. ఫొటో తీస్తే మసక. మళ్ళీ తీస్తే మళ్ళీ మసకే.

"ఏమైందమ్మా?" క్యూరేటర్ స్క్రీన్ వైపు వంగాడు.

"బల్ల మీంచి మీ మోచెయ్యి తీయండి సార్. బల్ల కదులుతోంది."

ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

చేతి వేళ్ళు ఫోకస్ రింగు మీద ఉన్నాయి. వెంట్రుకవాసి ఇటు తిప్పితే చాలు, గీత ఉందో లేదో ఎవరూ తేల్చలేరు. పక్కనున్న ఈయనకీ తెలియదు. తమ్ముడి మీద నేరమూ రుజువు కాదు. కానీ మసక ఫొటో వల్ల వాడి మీద అనుమానమూ పోదు, జన్మంతా వెంటాడుతుంది. గీత ఉంటే నీడ పడి కనిపించేలా దీపాన్ని బాగా పక్కకు వంచింది. రింగును తిప్పాల్సిన వైపే తిప్పింది. తన చెయ్యి తగలకుండా టైమరు పెట్టి, ఊపిరి బిగబట్టింది.

కెమెరా క్లిక్కుమంది.

రాణి చెవి కింద నుంచి మెడ మీదుగా వంకరగా సన్నటి గీత. పాత ఫొటోలో ఎక్కడ తెగిందో, ఇక్కడా అక్కడే తెగింది.

క్యూరేటర్ కుర్చీలో కూలబడ్డాడు. "అసలుదే... అసలుదేనమ్మా!"

ఆమె వరండాలోకి పరుగెత్తింది. తమ్ముడు తలెత్తలేదు.

"గీత ఉందిరా, అది అసలుదే!"

"ఉంటుందని నాకు తెలుసు. ఆ పెద్దమనిషి నిన్న అందరి ముందూ నా వైపే చూస్తూ అన్నాడు, రాత్రి తిండి ఎలా దిగుతుంది? అది సరే అక్కా, నువ్వు నన్ను అనుమానించావా?"

లేదని అనబోయింది. "కాసేపు" అంది.

వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. క్యూరేటర్ స్వయంగా క్షమాపణ చెప్పినా, చాలా రోజులు అక్కతో మాత్రం ముభావంగానే ఉన్నాడు. ఇంట్లో కూర బాగుందనేవాడు కాదు, బాగాలేదనేవాడూ కాదు. ఆమె బతిమాలలేదు.

ఒక సాయంత్రం వాడే ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏదీ, నా పరువు నిలబెట్టిన మహారాణిని ఓసారి చూపించు."

ఆమె ఫొటో తెరిచింది. వాడు చాలాసేపు చూశాడు.

"మొహం చూస్తే మహా గయ్యాళిలా ఉందే!"

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పక్కన కుర్చీ లాగింది. "కూర్చోరా" అంది.