మస్తాన్‌బీ నీళ్లు పోయని మొక్కలు

దర్శి దగ్గర సర్కారు విత్తనాల ఫారంలో ఎండకు తట్టుకునే నువ్వు మొక్కల్ని ఏరడం నా ఉద్యోగం. మిట్టమధ్యాహ్నం ఏ మొక్క తల వాల్చకుండా నిలబడుతుందో దానికి ఎర్ర దారం కట్టి, దాని గింజల్నే విత్తనానికి దాచాలి. అందుకే ఆ మడికి ఎవరూ నీళ్లు పెట్టవద్దని గట్టిగా చెప్పాను.

ఈ రోజు దారాలు పట్టుకుని వెళ్లేసరికి పక్క చేని మస్తాన్‌బీ బిందెతో మడిలో నిలబడి ఉంది. మొక్కల మొదళ్లు తడితడిగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏంటమ్మా ఈ పని? వద్దని చెప్పానా లేదా?”

“చెప్పావులే. అట్టా తలలు వేలాడేసుకుని ఉంటే చూస్తా ఎట్టా పోను నాయనా? నువ్వసలు మనిషివేనా?”

ఈ ఏటి కష్టమంతా గంగలో కలిసింది, పంట చూడ్డానికి జీపులో వచ్చే ఆఫీసరు గారికి ఇక ఏం చూపించను అనుకుంటూ గట్టు మీద కూలబడ్డాను. అప్పుడు కనిపించాయి, అక్కడక్కడ పొడి నేలలో నిటారుగా నిలబడ్డ మొక్కలు.

“వాటికి పోయలేదేం?”

“వాటికేమైంది? నిక్షేపంగా ఉన్నాయిగా!”

వాటికే దారాలు కట్టాను. పని అయ్యేసరికి ఎండకు సోలిపోతున్న నన్ను ఆవిడ ఎగాదిగా చూసి, చెంబెడు మజ్జిగ చేతిలో పెట్టింది. గటగటా తాగేశాను.

రేపటి నుంచి ఆవిణ్ణి మడిలోకి రావద్దనాలో, రమ్మనాలో మీరే చెప్పండి. ఆవిడ ఎంపికలో నేను మాత్రం తడి మొక్కల్లోనే పడ్డాను.