ఇరవై అంగల హాలు

నాగవేణి కంభం దగ్గర ఒక పల్లెలో, గొర్రెలు మేపే ఇంట పుట్టింది. చిన్నప్పుడు నాయన వెంట మందకు పోయేది. దారి తప్పిన గొర్రెను మళ్లించడానికి గుట్టల మీద ఎంత దూరమైనా పరుగెత్తేది. ఆ కాళ్లే ఆమెను హైస్కూల్లో ఖో-ఖో జట్టులోకి, ఆపైన వ్యాయామ విద్య చదువుకు తీసుకుపోయాయి. చదువయ్యాక, ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటన వచ్చేదాకా అనుకుని మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేరింది. అలా చేరి ఆరేళ్లయింది.

బడి మూడంతస్తుల మేడ. ఆటస్థలం లేదు. మొదట్లో పిల్లలను వరుసగా నడిపించుకుంటూ ఊరి చివరి మైదానానికి తీసుకుపోయేది. రెండో ఏడు, దారిలో ఒక పిల్ల పాదం మీదుగా ఆటో చక్రం పోయింది. ఎముక విరగలేదు గాని, కన్నవాళ్లు బడికి వచ్చి నిలదీశారు. ఆ సాయంత్రమే కరస్పాండెంట్ వినయ్ కుమార్ ఆమెను పిలిపించాడు.

"ఇంక బయటికి వద్దమ్మా. కింద సెల్లార్ ఉంది గదా, నీడపట్టున ఆడిచ్చుకో."

"దాంట్లో ఏం ఆడిచ్చేది సార్? స్తంభాలే పన్నెండు ఉండాయి."

"యోగా చేపియ్యి. క్యారమ్స్ పెట్టు. పిల్లలు ఎండకు నల్లబడరు, ఇండ్లల్లో వాళ్లకూ సంతోషమే."

సెల్లార్లో పగలు కూడా ట్యూబులైట్లు వెలగాలి. ఒక పక్క టీచర్ల స్కూటర్లు, పెట్రోలు వాసన. గోడ నుంచి గోడకు ఇరవై అంగలు. విజిల్ ఊదితే పై తరగతిలో పాఠం వినబడటం లేదని కబురు వచ్చేది. ఆమె విజిల్ మాని చప్పట్లు కొట్టింది. వాటికీ కబురు వచ్చింది. చివరికి చేతి సైగలతోనే డ్రిల్ నడిపించింది. నలభై మంది పిల్లలు చప్పుడు చేయకుండా ఆడటం నేర్చుకున్నారు.

తొమ్మిదో తరగతిలో సాదియా అని ఒక అమ్మాయి. వాళ్ల నాయన బజారులో టైలరు. ఆ పిల్ల స్తంభాల మధ్య చేపలా మలుపులు తిరిగేది. నాగవేణి ఆశపడింది. ఏడాదంతా గోడ నుంచి గోడకు పరుగెత్తించి, డివిజన్ పోటీల్లో వంద మీటర్లకు పేరు రాయించింది.

పోటీ రోజు సాదియా గీత దగ్గర నుంచి అందరికన్నా ముందు దూసుకుపోయింది. మొదటి పది అంగల్లోనే మిగతావాళ్లు వెనకబడ్డారు. ఇరవయ్యో అంగకు వచ్చేసరికి ఆమె పాదాలు వాటంతటవే తడబడ్డాయి. ఎదురుగా గోడ ఉన్నట్టు చేతులు ముందుకు చాచింది. మళ్లీ తేరుకుని పరుగెత్తేలోగా అయిదుగురు దాటిపోయారు.

"గోడ లేదని తెలుసు మేడం. కాళ్లే ఆగిపోయినాయి," అని ఏడ్చింది.

"నీ తప్పు కాదులేమ్మా, నేనే అట్ల నేర్పించినా," అంది నాగవేణి.

మర్నాడు ఆమె కరస్పాండెంట్ గదికి పోయి, తెల్లవారుజామునైనా మైదానానికి పంపమని అడిగింది. కన్నవాళ్లు రాసిస్తే సరేనన్నాడు. తొమ్మిది మందే రాసిచ్చారు. అందులో సాదియా ఒకతె. మూడు శనివారాలు పోయారు. మూడో వారానికి సాదియా ఆగకుండా చివరిదాకా పరుగెత్తింది. నాలుగో వారం పరీక్షలని ఆపేశారు. ఆ తర్వాత మళ్లీ మొదలు పెట్టలేదు. పదో తరగతికి వచ్చాక సాదియాకు ఆటల పీరియడే లేదు, ఆ గంటా స్టడీ అవర్.

నాగవేణి మానేద్దామనుకుంది. ఇంట్లో ఆ మాట ఎత్తితే నాయన మస్తానయ్య, "మానేసి ఏడికి పోతావు బిడ్డా? అన్ని బడులూ అట్లనే ఉండాయంట గదా," అన్నాడు. ఆమె విచారించింది. నిజమే.

మొన్న బస్టాండులో సాదియా కనబడింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

"ఆడుతున్నావా?" అని అడిగింది నాగవేణి.

"ఏడ మేడం? మా కాలేజీలో సెల్లార్ గూడా లేదు. పొద్దున ఏడుకు కూచుంటే సాయంత్రం ఆరుకు లేస్తాం."

నాగవేణి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. కంభం బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఆమె కూడా ఎక్కి, కమ్మీ పట్టుకుని, ఇద్దరి మధ్య ఇరుక్కుని నిలబడింది.