పద్దెనిమిది అంగుళాల కుక్క

మా వీధి చివరి టైలర్ మాస్టారి దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లలో లావుపాటి మనుషులు లేరు. ఉన్నా ఆయన టేపు ఒప్పుకోదు. నడుం చుట్టూ టేపు తిప్పి పదిమందికీ వినపడేలా "ముప్పై నాలుగు" అంటాడు. మిషను దగ్గర కూర్చున్న భార్య తల ఎత్తకుండా, ఓరకంట టేపు చూసి కొలతల పుస్తకంలో ముప్పై ఎనిమిది రాసుకుంటుంది. బట్టలు చక్కగా సరిపోతాయి, మనిషి హాయిగా ఇంటికెళ్తాడు. ఆ ముప్పై నాలుగు నాదే. ఆ పుస్తకం పొరపాటున నా కంటబడే దాకా పదేళ్లు దాన్ని ఊరంతా చెప్పుకు తిరిగాను.

"అబద్ధం కాదండీ, మర్యాద" అన్నాడు మాస్టారు, నేను నిలదీస్తే.

ఇంత మర్యాదస్తుడికి కుక్క దగ్గర చిక్కొచ్చింది. కింద కొట్టు, పైన రెండు గదుల కాపురం. సాయంత్రం బడి నుంచి వచ్చే పదకొండేళ్ల కూతురికి పైన తోడెవరూ ఉండరు. ఆ వేళకి కొట్లో అమ్మానాన్నలకు ఊపిరి సలపదు. తనకు పెద్ద కుక్క కావాలంది పిల్ల. ఒళ్లో పట్టేదైతేనే అంది తల్లి. ఇద్దరిలో ఎవరి మాటా కాదనలేక, రెండు జాతులు కలిసిన పిల్లయితే మధ్యరకంగా ఎదుగుతుందని మాస్టారు తేల్చేశాడు.

మూడో మాట ఆ ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడది. ఆవిడ ఊరవతల చెల్లెలి దగ్గర ఉంటూ, ఇల్లు చూసుకోవడానికీ బట్టలు కుట్టించుకోవడానికీ ఏడాదికోసారి వస్తుంది.

"నా మోకాలు దాటని కుక్కయితే పెంచుకోండి" అంది. "దాటిందా, దాన్నయినా పంపించాలి, మీరైనా సామాను సర్దుకోవాలి. మెట్ల మీద అది నన్ను తోస్తే లేచేదాన్ని కాను."

మాస్టారు అక్కడికక్కడే ఆవిడ మోకాలి ఎత్తు కొలిచాడు. పద్దెనిమిది అంగుళాలు. కుక్కల్ని అమ్మేవాడి దగ్గరికి భార్యతో కలిసి ఆ అంకె పట్టుకునే వెళ్లాడు.

అమ్మేవాడు బుట్టలో పట్టేంత తెల్లటి పామేరియన్ని చూపించి, ఇదే తల్లి అన్నాడు. తండ్రి లాబ్రడార్‌ట, ఆ వేళకి ఇంట్లో లేదట.

"సైజు తల్లిది వస్తుంది సార్, బుద్ధి తండ్రిది వస్తుంది. ఇలాంటి కలయిక మళ్లీ దొరకదు."

"పాదాలు పెద్దగా లేవూ?" అంది భార్య కుక్కపిల్లను చూసి, మెల్లిగా.

"కుక్కపిల్లకు పాదాలు పెద్దగానే ఉంటాయమ్మా" అన్నాడు అమ్మేవాడు, మాస్టారి మొహంలోకి చూస్తూ. మాస్టారు ఏం వినాలనుకుంటున్నాడో వాడు కనిపెట్టేశాడు. బడిపిల్లల యూనిఫారాల్లో ఎదుగుదలకని రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టే మనిషి, ఆ పాదాల్లో మడిచి దాచిందేమిటో చూడలేదు. తను రోజూ అందరికీ చేసే మర్యాద తనకే జరుగుతుంటే తల ఊపుతూ నిలబడ్డాడు.

పిల్ల దానికి గుండీ అని పేరు పెట్టింది. మూడు నెలలు ఆ పేరు సరిపోయింది. ఎనిమిదో నెలకి గుండీ బల్ల మీద పరిచిన కోటును నిలబడే లాగేస్తోంది. పిల్ల మాత్రం దాని మెడ మీద చెయ్యేసి మెట్లెక్కుతోంది, దానితోనే పాఠాలు చదువుతోంది. ఒంటరితనంతో ముడుచుకున్న మొహం విప్పారింది. మాస్టారికి సంతోషమూ భయమూ సమానంగా పెరుగుతూ వచ్చాయి.

ఇంటావిడ వచ్చిన రోజు నేనూ కొట్లోనే ఉన్నాను. గుండీ మెట్లు దిగి మర్యాదగా ఆవిడ పక్కన నిలబడింది. దాని వీపు ఆవిడ మోకాలు దాటి తొడ సగానికొచ్చింది.

"ఇదేంటి మాస్టారూ?"

"బొచ్చు పిన్నిగారూ. చూడ్డానికే అలా ఉంటుంది."

"కొలవండి."

పిల్ల వచ్చి కుక్క మెడ చుట్టూ చేతులేసింది. మాస్టారు మెడలోంచి టేపు తీశాడు. నేల నుంచి భుజం దాకా పట్టాడు. నాకు ఇరవై ఆరు స్పష్టంగా కనిపించింది.

"పద్దెనిమిది" అన్నాడు గట్టిగా.

భార్య అలవాటు చొప్పున పెన్సిల్ తీసి ఇరవై ఆరు రాసింది.

"టేపు సరిగ్గానే పట్టారా?" అంది ఇంటావిడ.

"ఇరవై ఏళ్లుగా ఇదే టేపు పిన్నిగారూ. మీ నడుం కొలిచేది కూడా దీంతోనే."

తెలిసి అన్నాడో, భయంలో నోరు జారాడో నాకిప్పటికీ తెలియదు. ఇంటావిడ చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్లింది. అది ఇరవై ఏళ్లుగా ముప్పై రెండు. ఆవిడ టేపు వంక చూసింది, కుక్క వంక చూసింది, రెప్ప వేయకుండా నిలబడ్డ పిల్ల వంక చూసింది. నేను పొట్ట లోపలికి లాక్కున్నాను.

"టేపు చెప్పాక నేను కాదనేదేముంది" అంది చివరికి. "కానీ ఇంకొక్క అంగుళం పెరిగిందంటే ఊరుకోను."

పిల్ల కుక్క బొచ్చులో మొహం దాచుకుని ఏడ్చేసింది. మాస్టారు కళ్లు తుడుచుకుని, అదే టేపుతో ఇంటావిడ బట్టలకు కొలతలు తీశాడు. నడుం ముప్పై రెండే వచ్చింది. నేను నోరు మెదపలేదు. తర్వాతి వంతు నాదే.