తడి గుడ్డ తూకం

ఉప్పు ప్యాకింగ్ షెడ్డులో ఆమెను అందరూ కాటా పిల్ల అనేవారు. కిలో ప్యాకెట్లు నింపడం ఆమె పని. రేకు గరిటెతో ఉప్పు తీసి, సంచిలో పోసి కాటా మీద పెడితే ఎర్ర అంకెలు కిలో దగ్గర ఆగేవి. మహా అయితే రెండు గ్రాములు అటూ ఇటూ. కొత్తగా చేరినవాళ్ళు చిటికెడు వేసి, చిటికెడు తీసి, మళ్ళీ వేసి అవస్థపడుతుంటే ఆమె కాటా వంక సరిగా చూడను కూడా చూసేది కాదు. పక్కనే కూర్చుని ప్యాకెట్ల మూతి అతికించే సీలక్క, "దాని మోచేతిలోనే ఉందర్రా కాటా! కరెంటు పోయినా పనిచేస్తుంది" అని నవ్వేది.

ఆమెకు ఇంకో విద్య కూడా అబ్బింది. వానాకాలంలో ఉప్పు తేమ పీల్చుకుంటుంది. తేమ ఎక్కిన ఉప్పు కాటా మీద కిలో చూపిస్తుంది కానీ, అందులో కొంత నీళ్ళ బరువే. బస్తా మూతి విప్పగానే ఆమె అరచెయ్యి లోపలికి పెట్టి ఒక్క క్షణం ఉంచేది. "ఇది ఆరాలి, పక్కన పెట్టండి" అంటే మేస్త్రి మారుమాట్లాడకుండా పెట్టించేవాడు. ఆ చెయ్యి తప్పు చెప్పిన రోజు లేదు.

నెలలు నిండి పని మానేసేటప్పుడు, షెడ్డుకు కొత్త కాటాలు వచ్చాయని, అద్దం పగిలిన పాత కాటా ఒకటి ఆమెకు ఇచ్చేశారు. రెండు కిలోల దాకా తూస్తుంది. దాన్ని ఇంటికి తెచ్చి మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే, టైర్ల కొట్టులో పనిచేసే మొగుడు గుమ్మంలో నిలబడి చూశాడు.

"నన్నెప్పుడైనా అంత శ్రద్ధగా చూశావటే?" అన్నాడు.

"మీరు రెండు కిలోలే ఉంటే చూసేదాన్నే" అంది. అప్పటికి ఆమెకు ఇంకా ఇలాంటి మాటలు వస్తున్నాయి.

తర్వాత పిల్ల పుట్టింది. ఆడపిల్ల. ఇంత నోరు, పుల్లల్లాంటి కాళ్ళు. నాయనమ్మ చూడగానే "పిట్ట" అంది. ఇంట్లో అదే పిలుపు ఖాయమైపోయింది.

మూడో వారం నుంచి పిట్ట పాలు కక్కడం మొదలుపెట్టింది. కడుపునిండా తాగేది, రొమ్ము వదిలేది, ఒక నిమిషం ఎటో చూసేది. ఆ తర్వాత ఏ శబ్దమూ లేకుండా నోటి మూల నుంచి తెల్లగా కారిపోయేది. ఒకసారి పాలు పాలుగానే, ఒకసారి విరిగి తునకలు తునకలుగా. కక్కినందుకు పిట్ట ఏడ్చేది కాదు. మూతి తుడిస్తే మళ్ళీ నోరు తెరిచేది. తల్లి భుజం, ఒడి, దిండు, పిల్ల మెడ కింది మడత, అన్నీ ఒకటే పుల్లటి వాసన.

ఆమెకు ఏడుపు రాలేదు. విసుగూ రాలేదు. గుడ్డ తడిస్తే ఇంకో గుడ్డ తీసేది. ఎవరైనా పలకరిస్తే ఆ మాట పక్కవాటాలో ఎవరినో అంటున్నట్టు వినిపించేది. కాసేపాగి, తననే అని తెలిసేది. అప్పుడు జవాబు చెప్పేది.

"తాగిందంతా కక్కేస్తుంటే దాని పొట్టలో ఏం మిగులుతుందే అమ్మాయ్?" అంది అత్తగారు ఒకరోజు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఇంటెడు చాకిరీ తనే చేసి, అంత చప్పుడూ తనే చేసేది. "నా నలుగురు పిల్లల్లో ఒక్కడూ కక్కలేదు. వీడైతే తాగిన పాలు కాదు గదా, మింగిన గోళీ కూడా తిరిగి ఇవ్వలేదు."

"అమ్మా, ఆ గోళీ సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు కొడుకు, గడ్డం గీసుకుంటూ సబ్బు నురగలోంచి.

"ఎంత మిగులుతుందో చూస్తాను అత్తయ్యా" అంది ఆమె.

అలా మొదలైంది తూకం. ఒక పాత నూలు దుప్పటిని నేల మీది పలకల కొలతకు సమానంగా కత్తిరించి ఇరవై ముక్కలు చేసింది. ఆ రోజు బాగా ఎండ కాసింది. ఆరిన ముక్కను కాటా మీద పెడితే ముప్పై ఎనిమిది గ్రాములు. ఇంకో రెండు తూచింది. అంతే. ఇక మిగతావి తూచనక్కర్లేదు. పిట్ట కక్కగానే తుడిచిన గుడ్డను కాటా మీద పెట్టి, వచ్చినదాంట్లోంచి ముప్పై ఎనిమిది తీసేసేది. మిగిలింది బీరువా తలుపు లోపలి పక్క పెన్సిలుతో రాసేది.

మర్నాటి నుంచి ముసురు పట్టింది. గుడ్డలు గదిలోనే, పొయ్యి పైనుంచి కిటికీ దాకా కట్టిన తీగ మీద ఆరేవి. బీరువా తలుపు మీద అంకెలు పెరిగాయి. ఇరవై మూడు. ఇరవై అయిదు. ఇరవై ఏడు. రోజుకు పది సార్లు. పోయినసారి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ, ఈ వయసు పిల్లలు రోజుకు అరలీటరు పైనే తాగుతారని చెప్పింది. అందులో పావులీటరు గుడ్డలకే పోతోంది. దాదాపు సగం.

అంకెలు చెబితే అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. సాయంత్రానికల్లా పాలపొడి డబ్బా తెచ్చి అరలో పెట్టింది.

"బుధవారం పిట్ట తూకం ఉంది కదా. బరువు పెరక్కపోతే ఆ రోజు నుంచే ఇది పడదాం. నీ పాలు మాన్పించెయ్. నువ్వూ పనిలోకి పోవచ్చు. ఏమంటావు?"

"సరే అత్తయ్యా."

మొగుడు ఆమె మొహంలోకి చూశాడు. "నీకిష్టమేనా?"

"ఇష్టమే."

ఇష్టమో కాదో ఆమెకు తెలియదు. తెలిసింది ఒక్కటే. పొద్దస్తమానం ఆ పిల్లను ఎత్తుకుంటున్నా, కడుగుతున్నా ఎవరి పిల్లనో చూసిపెడుతున్నట్టే ఉంది. పాలిచ్చే ఆ పావుగంట మాత్రం పిల్ల ఆమె చూపుడువేలు పట్టుకుంటుంది. అప్పుడూ ఏమీ అనిపించదు. కానీ ఆ పని ఇంకెవరూ చేయలేరని తెలుస్తుంది. అది కూడా పోతే తనకూ ఆ పిల్లకూ మధ్య ఏం మిగులుతుంది? ఆ ప్రశ్న కూడా ఆమెకు దిగులుగా రాలేదు. తీసివేత లెక్కలాగే వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం సీలక్క వచ్చింది. గొడుగు గుమ్మం బయట దులుపుతూనే మొదలెట్టింది.

"ఏమే కాటా పిల్లా! నీ చోట్లో ఒక మహాతల్లిని కూర్చోబెట్టారు. కిలో నింపమంటే కిలోంబావు నింపి 'ఉండనీ అక్కా, పాపం కొనుక్కున్నవాళ్ళు' అంటుంది. మేస్త్రికి రోజూ తలనొప్పే. ఏదీ, ఇటియ్యి దాన్ని."

పిట్టను ఎత్తుకుని భుజాన వేసుకుందో లేదో, వీపు మీదికి వెచ్చగా కారింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! వచ్చినందుకు మర్యాద బాగానే చేశావే" అంటూ తీగ మీది గుడ్డ ఒకటి లాగింది. తుడుచుకోబోయి ఆగింది. గుడ్డను వేళ్ళ మధ్య నలిపింది. "ఇది ఆరలేదే."

"ఆరింది అక్కా. పొద్దున వేశాను."

"నాకు చెప్తావా? తేమ ఉన్న ప్యాకెట్టుకు సీలు పడదు. పదేళ్ళుగా వేళ్ళు కాల్చుకుంటున్నదాన్ని. దీన్ని తీసుకెళ్ళి నా మిషను మీద పెడితే చుయ్యిమంటుంది."

ఆమె గుడ్డ అందుకుంది. అరచేతిలో పెట్టుకుంది. చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది. తీగ మీది ఇంకో గుడ్డను పట్టుకుని చూసింది, ఇంకొకటి. అన్నీ చల్లగానే ఉన్నాయి. చల్లగా ఉంటే తడి అని చేతికి తెలియాలి కదా. తెలియలేదు.

నెమ్మదిగా వెళ్ళి, ఎవరూ తుడుచుకోని ఆ శుభ్రమైన గుడ్డను కాటా మీద పెట్టింది. ఎర్ర అంకెలు యాభై ఆరు దగ్గర ఆగాయి.

పద్దెనిమిది గ్రాములు వాన. వారం నుంచి ప్రతి గుడ్డలోనూ ఆరని తడిని తూచి, పిల్ల కక్కిన పాల కింద రాసింది. ఇరవై అయిదులోంచి పద్దెనిమిది తీస్తే ఏడు. ఒక చెంచా, ఇంకో కొంచెం.

"ఏమైందే?" అంది సీలక్క.

"ఉత్త గుడ్డను రోజూ తూచలేదు అక్కా. ఎండ కాసిన రోజు తూచిందే పట్టుకున్నాను."

సీలక్క తలుపు మీది అంకెలు చూసింది, కాటా చూసింది, ఆమెను చూసింది. పకపకా నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. "నువ్వా!" అంది. "బస్తాలో చెయ్యి పెట్టి చెప్పేదానివి. నువ్వా?"

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే అత్తగారు, "నీ గుడ్డల లెక్క నాకు తెలియదు తల్లీ. రేపు దాని తూకమే చెబుతుంది" అంది. డబ్బా అరలోనే ఉంది.

బుధవారం ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ పిట్ట బట్టలు విప్పి తొట్టి కాటాలో పడుకోబెట్టింది. అత్తగారు మెడ సాచి చూసింది. ఆమె చూడలేదు.

"నాలుగు కిలోల ఆరు వందలు. రెండు వారాల్లో నాలుగు వందల యాభై గ్రాములు పెరిగింది. బంగారంలా ఉంది పిల్ల."

"కానీ తాగిందంతా కక్కేస్తోంది కదమ్మా?" అంది అత్తగారు.

"ఎగజిమ్మినట్టు పడుతోందా, కారుతోందా?"

"కారుతోందండీ" అంది ఆమె.

"ఆకుపచ్చగా ఉంటోందా? రక్తపు చారలేమైనా?"

"లేవండీ. తెల్లగానే."

"రోజుకు ఎన్నిసార్లు తడుపుతోంది?"

"ఎనిమిది, తొమ్మిది."

"అయితే తాగిందంతా కాదు పెద్దమ్మా, అందులో కాస్త. చెంచాడు పాలు చొక్కా మీద పోసి చూడండి, గ్లాసుడు ఒలికినట్టు కనిపిస్తాయి. డబ్బా అక్కర్లేదు, ఈ పాలు చక్కగా సరిపోతున్నాయి. డబ్బా పట్టినా కక్కే పిల్ల కక్కుతూనే ఉంటుంది." నర్సమ్మ ఆమె వైపు తిరిగింది. "పాలిచ్చేటప్పుడు మధ్యలో ఒకసారి, అయ్యాక ఒకసారి తేన్పు తెప్పించు. తాగాక అరగంట నిలువుగా ఎత్తుకోవాలి. వెంటనే పడుకోబెట్టొద్దు, ఎగరేసి ఆడించొద్దు. కూర్చోవడం వచ్చేసరికి చాలామటుకు తగ్గిపోతుంది. ఎగజిమ్మినా, రంగు మారినా, పాలు తాగనని మొరాయించినా మాత్రం ఆ రోజే తీసుకురా."

"అలాగేనండీ."

"నువ్వెలా ఉన్నావు?"

"బాగానే ఉన్నాను."

"అది అందరూ చెప్పేదే. నీ సంగతి చెప్పు."

ఆమె ఆలోచించింది. నొప్పి లేదు. జ్వరం లేదు. చెప్పడానికి ఉన్నది ఒక్కటే.

"గుడ్డ తడిగా ఉందో ఆరిందో నాకు తెలియడం లేదండీ."

"ఆ గుడ్డల గోల ఇక్కడెందుకే?" అంది అత్తగారు.

నర్సమ్మ కలం పక్కన పెట్టింది. "చేతికి స్పర్శ లేదా?"

"ఉంది. సూది గుచ్చుకుంటే తెలుస్తుంది. చల్లగా ఉంటే చల్లగా ఉందని తెలుస్తుంది. తడి అని లోపలికి రావడం లేదు. పిల్ల బరువు పెరిగిందని ఇందాక చెప్పారు కదా. అదీ రాలేదు."

బల్ల మీద పిట్ట కాళ్ళు ఆడిస్తోంది.

"ఎప్పటినుంచి?"

"పిల్ల పుట్టిన రెండో వారం నుంచి."

"రేపు డాక్టరమ్మ వస్తుంది. నువ్వు రా. పిల్ల కోసం కాదు, నీ కోసం. ఇది బద్ధకం కాదు, నువ్వు చేసిన తప్పూ కాదు. కాన్పయ్యాక కొందరికి ఇలా అవుతుంది. చూపించుకుంటే తగ్గుతుంది." తర్వాత అత్తగారి వైపు చూసింది. "పాలివ్వడం ఆ అమ్మాయి పని. అరగంట ఎత్తుకోవడం ఆమె పని కాదు. ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోండి. ఆ అరగంట ఆమెను పడుకోనివ్వండి."

అత్తగారు బల్ల మీది పిట్టకు తనే బట్టలు తొడిగింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఆమె పాలిచ్చింది. పిట్ట వేలు పట్టుకుంది. తాగి వదలగానే అత్తగారు రెండు చేతులూ చాపి అందుకుంది. నిలువుగా భుజాన వేసుకుని వీపు నిమరసాగింది.

"నాతో ఒక్కమాట చెప్పలేదేమే?" అంది, గొంతు తగ్గించి.

"ఏం చెప్పాలో తెలియలేదు అత్తయ్యా."

రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు మీద బాదుతూ ఎక్కమని కేకలేస్తున్నాడు. ఆమె సంచి తీసుకుని లేవబోయింది.

"అత్తయ్యా, మన బస్సు."

"చూశాను. అరగంట కాలేదు" అంది అత్తగారు. "కూర్చో. కళ్ళు మూసుకో. ఇంకోటి వస్తే లేపుతాను."

ఆమె గోడకు తల ఆనించింది. మనుషులు ఒకరి వెనక ఒకరు ఎక్కారు. బస్సు నీళ్ళ గుంటలోంచి కదిలి మలుపు తిరిగింది. ఇంకోటి ఎప్పుడొస్తుందని ఆమె అడగలేదు. కళ్ళు మూసుకుంది.